ఏడాదిన్నర గుంటడున్న ఇంట్లో మాంటిస్సోరి సెట్టు: ఏది పనికొచ్చింది, ఏది అటకెక్కింది

మాంటిస్సోరి అంటే పిల్లలు సామాను చేత్తో పట్టుకుని వాళ్ళంతట వాళ్ళే నేర్చుకునే పద్ధతి, ఆ సామాను సెట్టు ఒకటి తెప్పించాను. ముందే చెప్పేస్తున్నా, సెట్టు మంచిదే. చెక్క బావుంది, రంగు ఊడట్లేదు, అంచులు గీరుకోవు. కానీ ఇంట్లో నడక కొత్తగా వచ్చిన పిల్లోడు ఒకడు తిరుగుతుంటే అందులో సగం సామాను వాడు పడుకున్నప్పుడు తప్ప బయటికి తీయలేం. ఈ సంగతి అమ్మేవాళ్ళు చెప్పరు, వీడియో రివ్యూలు పెట్టేవాళ్ళలో చాలామందికి ఒక్కరే పిల్లలు, వాళ్ళకి ఈ బాధ ఉండదు. అందుకే ఇద్దరు ముగ్గురు పిల్లల్ని ఇంటి దగ్గర చదివిస్తూ చంకలో ఇంకొకడు ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా, కాస్త పొడుగే ఉంటుంది, టీ పెట్టుకుని చదవండి.

మాది విజయనగరం. పెద్దదానికి ఎనిమిది, నడిపోడికి ఐదు, చిన్నోడికి ఏడాదిన్నర. పెద్దవాళ్ళిద్దరూ ఇంటి దగ్గరే. ఎందుకు అని మొదలెడితే తెల్లారిపోద్ది గానీ ఒక్క ముక్క, మాంటిస్సోరి అని బోర్డున్న బడులు మా వైపు చాలానే ఉన్నాయి, నేను చూసినవాటిలో లోపలికెళ్తే యూకేజీ పిల్లలు నాలుగ్గీతల పుస్తకంలో కర్సివ్ రాస్తూ కనపడ్డారు. ఆ పేరు మీద ఎవరికీ హక్కు లేదండి, బడికైనా బొమ్మకైనా ఎవరైనా తగిలించుకోవచ్చు, అందుకే ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ గిలక్కాయ మీద కూడా మాంటిస్సోరి అనే రాసుంటుంది. కొనేముందు ఇది గుర్తుంటే చాలు.

నేను తెప్పించింది 3 నుంచి 6 ఏళ్ళ వాళ్ళ ఇంటి సెట్టు. పింక్ టవర్, బ్రౌన్ స్టెయిర్, ఎర్ర కర్రలు, సిలిండర్ బ్లాకులు నాలుగు, రంగు పలకలు, స్పిండిల్ బాక్సు, గోల్డెన్ బీడ్స్, వేలితో తడిమి నేర్చుకునే ఇంగ్లీషు సాండ్ పేపర్ అక్షరాలు, ఇంకా పోసుకునే ఆటకని చిన్న చిన్న గిన్నెలు. షిప్పింగుతో కలిపి 20 వేల పైచిలుకు అయింది. అమ్మినవాళ్ళ పేరు రాయను, అడక్కండి. డబ్బా విప్పుతుంటే మా అత్తయ్య "ఏటమ్మా, ఈ కర్రముక్కలకి ఇన్ని డబ్బులేటి, మన వడ్రంగికి చెప్తే ఇంతకి రెండు మంచాలు చేసీవోడు" అంది. ఆవిడ అన్నదాంట్లో కొంత నిజం ఉంది, అక్కడికి వస్తా.

సామాను ఒక్కోటీ చెప్పేముందు ఒక పని చెప్తా, ఇది మాత్రం అందరూ చేయండి. మూడేళ్ళ లోపు పిల్లల గొంతులో అడ్డం పడే సైజు ఏదో చూడ్డానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం ఒకటి కొలతగా వాడతారు, అందులో పట్టేసేదేదీ వాళ్ళకి ఇవ్వకూడదు. ఫారిన్ వాళ్ళు టాయిలెట్ రోల్ మధ్యలో ఉండే అట్ట గొట్టంతో చూస్తారు, మన ఇళ్ళలో అదెక్కడుంటుంది. బాత్రూం పని చేయించినప్పుడు మిగిలిన 40 ఎంఎం పీవీసీ పైపు ముక్క మా ఇంట్లో ఉంది, లోపలి వెడల్పు ఆ కొలత కంటే కాస్త ఎక్కువే ఉంటుంది కాబట్టి ఇంకా మంచిదే. డబ్బా రాగానే ఒక్కో ముక్కా తీసి ఆ పైపులో వేసి చూశాం. కిందకి జారిపోయింది ఒక బుట్టలోకి, ఆగిపోయింది ఇంకో బుట్టలోకి. పెద్దది నడిపోడు దీన్నే ఓ ఆటలా పొద్దంతా ఆడారు, ఆ రోజుకి పాఠం అదే.

పింక్ టవర్ సంగతి. పది ఘనాలు, అడుగుది 10 సెంటీమీటర్లు, పైది 1 సెంటీమీటర్. ఆ పైదే తంటా. పైపులో జారిపోయేవాటిలో అది మొదటిది, దాని తర్వాతది రెండోది, మూడు సెంటీమీటర్లది మూలలు తగిలి ఆగిపోతుంది గానీ దాన్ని కూడా నేను నమ్మలేదు. పోనీ చిన్నవి తీసేసి మిగతావి ఇద్దామా అంటే ఆ ఒక్క సెంటీమీటర్ ముక్కకి ఒక పనుంది, టవర్‌ని ఒక మూలకి సరిచేసి కట్టి ప్రతి మెట్టు మీదా ఆ బుల్లి ముక్కని నడిపిస్తే సరిగ్గా పడుతుంది, ఒక ఘనానికి తర్వాతదానికి తేడా అంతే అని పిల్లలకి కళ్ళముందు తేలిపోద్ది. నడిపోడికి అది తెలిసిన రోజున వాడి మొహం చూడాలి. అందుకని మేం చిన్న మూడూ ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి ఫ్రిజ్ మీద ఉంచుతాం, నడిపోడు అడిగి తీసుకుని అడిగి పెట్టేస్తాడు, మిగతా ఏడూ కింద అరలో చిన్నోడికి. వాడు కట్టడు, పడగొడతాడు. అన్న కట్టడం వాడు పడగొట్టడం. మొదట్లో దీనికే ఇల్లు ఎగిరిపోయేది, ఇప్పుడు నడిపోడు తనే "ఒరే రా, పడగొట్టు" అని పిలుస్తాడు, పదిసార్లు కట్టే చాన్సు వాడికే దొరుకుతుంది కదా.

బ్రౌన్ స్టెయిర్ మాత్రం మా ఇంట్లో నంబర్ వన్. పది చెక్క దిమ్మెలు, పదీ 20 సెంటీమీటర్ల పొడుగే, లావు మాత్రమే మారుతుంది, కాబట్టి సన్నది పైపులో దూరినా పూర్తిగా మునిగిపోయే రకం కాదు. లావుది బీచ్ చెక్కలో అయితే కిలో దాటి బరువుంటుంది. ఏడాదిన్నర పిల్లలకి బరువు మోయడమంటే ఎంత పిచ్చో పిల్లలున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, మావాడు దాన్ని గుండెకి హత్తుకుని హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి, చెమటలు కక్కుతూ తిరుగుతాడు. ఆ టైంలో పెద్దది రెండు లెక్కలు చేసేసుకుంటుంది. కాలి మీద పడితే మాత్రం దెబ్బే, టైల్స్ మీద పడితే టైలుకి దెబ్బ, అందుకని కింద మందపాటి బొంత పరిచేశాం. ఒక్కటే ఐటం కొనుక్కుంటాను అని ఎవరైనా అడిగితే ఇదే చెప్తా, పింక్ టవర్ కాదు. ఫోటోల్లో టవర్ అందంగా ఉంటుంది కాబట్టి అందరూ అదే కొంటారు.

ఎర్ర కర్రలు పది, 10 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా. మగపిల్లలున్న ఇంట్లో మీటరు కర్ర ఏమవుతుందో మీకు తెలుసు. పైడితల్లి జాతర సిరిమాను అయింది, చీపురు అయింది, అత్తయ్య ఆరేసిన అప్పడాల మీద కాకుల్ని తోలేదయింది. పొడుగు పొట్టి పాఠానికి ఇంత చెక్క అక్కర్లేదనిపించింది నాకు.

సిలిండర్ బ్లాకు అంటే కన్నాలున్న చెక్క దిమ్మె, కన్నానికొకటి బొడిపె ఉన్న సిలిండరు. నాలుగూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి గానీ నాలుగూ నాలుగు రకాలు. లావు మారేది, ఎత్తు మారేది, రెండూ మారేవి. లావు మారే బ్లాకులో ఒకటి తప్పు కన్నంలో పెడితే చివరికి ఒకటి మిగిలిపోద్ది, అమ్మ చెప్పక్కర్లేదు, చెక్కే చెప్పేస్తుంది. ఎత్తు మాత్రమే మారే బ్లాకులో ఏది ఎందులోనైనా దూరిపోద్ది, ఒకటి లోపలికి కూరుకుంటుంది ఒకటి పైకి పొడుచుకొస్తుంది, అది చూసి పట్టుకోవాలి, కాబట్టి అది కష్టం. చిన్నోడికి లావు బ్లాకులోంచి పెద్ద సిలిండర్లు మూడే ఇస్తే వాడు కూర్చుని తీసి పెట్టి తీసి పెట్టి, నిజంగా, కుక్కర్ మూడు విజిళ్ళు వచ్చేదాకా కదలడు. సన్నవాటితో జాగ్రత్త. బొడిపె ఉంది కదా పట్టుకుంటాం అనుకోకండి, వాడి నోరు అంతకన్నా ఫాస్టు.

ఇక గోల్డెన్ బీడ్స్. చెప్పాలంటే లెక్కల్లో ఇంతకన్నా గొప్ప సామాను నేను చూళ్ళేదు. ఒకటి అంటే పూస, పది అంటే తీగకి గుచ్చిన పది పూసలు, వంద అంటే చదరం, వెయ్యి అంటే ఘనం. వెయ్యి చేతిలో పెడితే బరువు తెలుస్తుంది, ఒకటి చేతిలో పెడితే ఉన్నట్టే తెలీదు. నడిపోడు "బ్యాంకు" ఆటలో పది పదులు తెచ్చి వంద మార్చుకెళ్తాడు, పెద్దది క్యాషియరు, రూల్సు గట్టిగానే ఉంటాయి. కానీ ఆ విడి పూసలు ఉన్నాయి చూశారా, చిన్నోడు మేలుకుని ఉండగా ఆ డబ్బా మూత తీయడమంటే నా గుండె నోట్లోకి వచ్చేస్తుంది. మంచం కింద ఒక్క పూస దొరికిందంటే లెక్క తేలేదాకా నిద్రుండదు.

దీనికి మా ఇంట్లో దొరికిన దారి ఏంటంటే, మా ఆడపడుచు వాళ్ళింటి నుంచి వచ్చిన ప్లే యార్డు ఒకటుంది, చుట్టూ వల ఉండేది. పిల్లోణ్ణి అందులో పెడితే ఏడుపు. అందుకని లెక్క తిరగేశాం, పెద్దవాళ్ళిద్దరూ పూసలు పట్టుకుని లోపల కూర్చుంటారు, చిన్నోడు బయట మహారాజులా తిరుగుతాడు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చూసి "జూలో ఉన్నట్టున్నారు" అన్నాడు. ఉండనీ, పని జరుగుతోంది. పూసలు బయటికి రావు, వీడు లోపలికి పోడు. యార్డు లేనివాళ్ళు మంచం మీదైనా కూర్చోబెట్టొచ్చు గానీ పూస దొర్లితే కిందకే వస్తుంది, ఆలోచించుకోండి.

పెద్దదానికి ఎనిమిదేళ్ళు కదా, ఈ సెట్టులో దానికి పనికొచ్చేది పూసలు ఒక్కటే, పైన స్టాంప్ గేమ్ (1, 10, 100 అని రాసున్న చిన్న రంగు పలకలతో లెక్కలు చేసేది) లాంటివి వేరే కొనాలి. అక్కడ మనవాళ్ళకి ఒక తిరకాసు ఉంది. వీళ్ళ పద్ధతిలో ఒకట్లు ఆకుపచ్చ, పదులు నీలం, వందలు ఎరుపు, మళ్ళీ వేలు ఆకుపచ్చ, పదివేలు నీలం, లక్ష ఎరుపు, ఇలా మూడేసి స్థానాలకి రంగు తిరుగుతుంది, అది మిలియన్లు లెక్కపెట్టుకునేవాళ్ళకి సరిపోయింది. మనం లక్ష దగ్గర కొత్త కామా పెడతాం, 1,00,000. రంగేమో వేల గుంపులోనే ఉంది అంటుంది, కామాయేమో కొత్త గుంపు అంటుంది. మా పెద్దది రెండ్రోజులు అలిగింది దీని మీద. నేను లక్షకి పసుపు స్కెచ్ పెన్ను వాడేశాను, ఈ పద్ధతి పెట్టిన మేడమ్ మాంటిస్సోరి గారు ఏమనుకుంటారో తెలీదు గానీ మా ఇంట్లో అలా నడుస్తోంది.

అక్షరాల దగ్గర సెట్టుకి నేను మార్కులు వెయ్యను. ఇంగ్లీషు తప్ప తెలుగు లేదు. అసలు ఈ పద్ధతి పుట్టింది ఇటలీ భాష పిల్లలతో, పలికినట్టే రాసే భాష అది, మనదీ అంతే కాబట్టి తెలుగుకి ఇంగ్లీషుకన్నా బాగా అతకాలి. అందుకని హార్డ్‌వేర్ షాపులో సాండ్ పేపర్ తెచ్చి అట్టల మీద నేనే అంటించాను. అచ్చులు హల్లులు దాకా సులువే, సాండ్ పేపర్ కత్తిరిస్తే కత్తెర పదును పోద్ది అంతే. అసలు చిక్కు విడి అక్షరాలతో పదాలు పేర్చుకునే దగ్గర. ఇంగ్లీషులో పక్కపక్కన పెట్టుకుంటూ పోతే పదం, మనకి గుడి పైన, ఒత్తు కింద. పైగా కు లో తలకట్టు ఉంటుంది, కి లో ఉండదు, కాబట్టి తలకట్టుతో సహా క కత్తిరిస్తే గుడి పెట్టడానికి చోటుండదు. తలకట్టు కూడా విడి ముక్కే చేయాలి. జ, బ, ల, ణ లకి తలకట్టే లేదు, వాటితో మొదలెడితే హాయి. ఇవన్నీ పెద్దది నేను కలిసి నేల మీద కూర్చుని తేల్చుకున్నాం, దానికి గుణింతం అప్పుడే అసలు అర్థమైందంటే నమ్మండి. ఈ ముక్కలన్నీ అట్టతో చేస్తే చిన్నోడు నమిలేస్తున్నాడు, ఫ్లెక్సీ షాపుల దగ్గర లేజర్ కటింగ్ చేసేవాళ్ళని కనుక్కుంటున్నా.

రంగు పలకల్లో మొదటి పెట్టె, ఎరుపు నీలం పసుపు రెండేసి, ఇది చిన్నోడికి వాళ్ళక్క నేర్పిస్తుంది. ఇది ఎరుపు, ఇది నీలం. తర్వాత ఎరుపు ఏదీ చూపించు. తర్వాత ఇదేంటి. మూడు మెట్ల పాఠం అంటారు, అందులో మూడోది వాడికి ఇంకా రాదు, అడక్కూడదు కూడా, రెండో మెట్టు దగ్గరే ఆడుకోనివ్వాలి. నేను కూర్చుంటే లేచిపోతాడు, అక్క కూర్చుంటే ఒళ్ళో కూర్చుంటాడు. వేరే వేరే వయసులు ఒకే గదిలో ఉండాలి అని ఈ పద్ధతిలో అంత గట్టిగా చెప్పేది ఇందుకే. కాకపోతే వాళ్ళ లెక్కలో మూడేళ్ళ లోపు వాళ్ళకి ఒక గది, మూడు నుంచి ఆరుకి ఒకటి, ఆ పైవాళ్ళకి ఇంకొకటి. మన ఇంట్లో మూడు గదులూ ఒకటే హాలు, అందులోనే టీవీ, అందులోనే మావయ్యగారి పడక్కుర్చీ. సెట్టు చేసినవాళ్ళు ఇది అనుకుని చెయ్యలేదు, తప్పు వాళ్ళది కాదు.

స్పిండిల్ బాక్సు, సున్నా నుంచి తొమ్మిది దాకా గడులు, ఏ అంకె గడిలో అన్ని పుల్లలు వేయాలి, మొత్తం 45 పుల్లలు. సున్నా గడి ఖాళీగా ఉంటుంది, అది బావుంటుంది. పుల్ల నోట్లో పెట్టుకుని పరిగెత్తే పిల్లోడుంటే అటకే.

ఇప్పుడు అత్తయ్య మాట దగ్గరికి వస్తా. సెట్టుతో వచ్చిన పోసుకునే గిన్నెలు, చిన్న జగ్గు, పటకారు, ఇవన్నీ దండగ. పల్చని సామాను, చెయ్యి తగిల్తే దొర్లిపోద్ది. మా అమ్మగారిది నరసన్నపేట వైపు, బుడితి ఇత్తడి తెలుసు కదా, ఆవిడ దగ్గర పాత చిన్న చెంబు ఒకటి ఉంటే తెచ్చుకున్నా, అడుగు బరువు, పిల్లోడు తోసినా నిలబడుతుంది, నీళ్ళు ధారగా పడతాయి. దాంతో వాడు బకెట్లోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి మొక్కకి, మొక్కలోంచి తన నెత్తి మీదకి. నీళ్ళ దగ్గర మాత్రం ఎవరో ఒకరు పక్కనే ఉండాలి, బకెట్లో జానెడు నీళ్ళున్నా వదిలేసి వెళ్ళకూడదు. ఇంకా నిమ్మకాయలు ఒక బుట్టలోంచి ఇంకో బుట్టలోకి, ఉల్లిపాయలు ఏరడం, మెంతికూర తుంచడం, చపాతీ పిండి ముద్ద ఇస్తే నొక్కడం. నడిపోడికి చిక్కుడుకాయల ఈనెలు, పెద్దదానికి చాకుతో అరటికాయ. చింతగింజలు వేరుశనగలు మాత్రం చిన్నోడి చేతికి ఇవ్వకండి, పైపు పరీక్ష గుర్తుంది కదా. ఈ పద్ధతిలో ఇంటిపనే మొదటి పాఠం, దానికి సామాను మన వంటింట్లో ఎప్పటినుంచో ఉంది, అందుకే సెట్టు కొనేటప్పుడు ప్రాక్టికల్ లైఫ్ కిట్టు అని విడిగా అమ్ముతుంటే తీసుకోకండి.

చిన్నోడి కోసం చెక్క బొమ్మ కావాలంటే ఏటికొప్పాక ఉంది, అనకాపల్లి జిల్లా, మనకి దూరం కాదు. అంకుడు కర్ర, లక్క పూత, 2017లో జీఐ (ఆ ఊరి సరుకే అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. వలయాలు దొంతిగా పేర్చేది తీసుకున్నాం, నోట్లో పెట్టుకున్నా భయం తక్కువ, సహజ రంగులదేనా అని అడిగి తీసుకోండి. ఇంకో మాట, 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు. నా సెట్టు డబ్బా మీద అది లేదు, అడిగితే ఇవి బొమ్మలు కావు మేడమ్, ఎడ్యుకేషనల్ మెటీరియల్ అన్నారు. మా చిన్నోడు నమిలేటప్పుడు ఆ తేడా చూడట్లేదు.

అరలు మాత్రం మన వడ్రంగి చేతే చేయించుకోండి. పుస్తకాల్లో అన్నీ పిల్లల ఎత్తులో తెరిచి ఉన్న అరలు అని ఉంటుంది, ఒక్క వయసు పిల్లలైతే సరే. మేం రెండు రకాలు చేయించాం, మోకాలి ఎత్తుది చిన్నోడిది, దానిలో వాడు తీసి విసిరేసినా పర్లేదనుకున్నవే ఉంటాయి. నడిపోడి గుండె ఎత్తులో గోడకి బిగించింది ఇంకోటి, అందులో పెద్దవాళ్ళవి, చిన్న గొళ్ళెం ఉంది, నడిపోడు తీయగలడు చిన్నోడు తీయలేడు. పాత తలుపు చెక్క వాడాడు మా వడ్రంగి, సెట్టు కంపెనీ అమ్మే అర కన్నా చాలా తక్కువలో అయిపోయింది, గట్టిగా కూడా ఉంది. అత్తయ్య గెలిచింది.

మూడు గంటలు ఆపకుండా పని చేసుకోనివ్వాలి అంటారు, మూడు గంటలు ఎవడిచ్చాడండి. చిన్నోడు మధ్యాహ్నం పడుకునేటైముకి పూసలు, విడి అక్షరాలు, మిగతా పొద్దంతా చెక్క సామాను, వంటిల్లు, పెరడు. ఎండాకాలం కరెంటు పోయిందంటే వాడు లేస్తాడు, పూసలు లోపలికి.

బంధువులు అడిగే ప్రశ్నకి కూడా ఇక్కడే జవాబు రాసేస్తా, రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. పరీక్షలు ఎలా అంటే కేంద్రం వాళ్ళ ఓపెన్ స్కూల్ బోర్డు ఎన్‌ఐఓఎస్ లో ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ అని ఉంది, ఎ, బి, సి లెవెళ్ళు వరసగా 3, 5, 8 తరగతులకి సమానం, 14 నిండాక పదో తరగతి కూడా అక్కడే రాయొచ్చు. "బడికి పంపితే తల్లికి వందనం డబ్బులైనా పడును కదే" అని పక్కింటి పిన్నిగారు, దానికి నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి కొనాలనుకుంటే మొత్తం సెట్టు వద్దు, విడివిడిగా బ్రౌన్ స్టెయిర్, సిలిండర్ బ్లాకుల్లో లావు మారేది ఒకటి, రంగు పలకల మొదటి పెట్టె, బడ్జెట్ ఉంటే పూసలు. పింక్ టవర్ చిన్నోడికి మూడు దాటాక. నా సెట్టులో బ్రౌన్ స్టెయిర్ ముక్క ఒకటి పగిలి వచ్చింది, వాట్సాప్‌లో ఫోటో పెడితే డబ్బా విప్పే వీడియో ఉందా అన్నారు, అదృష్టం కొద్దీ నడిపోడు ఫోన్ పట్టుకుని మొత్తం తీశాడు, సగం వీడియోలో వాడి బొటనవేలే ఉంది కానీ పనైపోయింది, వారం తిరక్కుండా కొత్త ముక్క పంపారు. మీరు తెప్పిస్తే వీడియో తీయకుండా టేపు కొయ్యకండి.